హంసముద్ర పడిన నారింజలు

పింగళనాడు నుంచి ఉలూకగిరికి ఇరవై రోజుల దారి. అందులో పదమూడు రోజులు గడిచేసరికి, యువరాజు అమోఘుడి వెంట బయలుదేరిన పన్నెండుమంది భటుల్లో ఒక్కడూ మిగల్లేదు. నలుగురిని అడవి జ్వరం వెనక్కి పంపింది. తక్కిన ఎనిమిదిమందినీ భయం పంపింది. ఇక మిగిలినవి రెండు కంచరగాడిదలు, వాటి వీపుల మీద నాలుగు గంపల నారింజపండ్లు, వాటిని తోలుకొచ్చే కోనప్ప.

కోనప్ప వీరుడేమీ కాదు. రాజుగారి వంటశాలలో ఊరగాయల కొట్టు చూసుకునే మనిషి. ముప్పై ఏళ్లు నిండాయి, బొజ్జ కూడా కాస్త మొదలైంది. పండ్లు నలగకుండా పేర్చడానికి నేర్పున్న చెయ్యి కావాలన్నారని వచ్చాడు. భటులు పారిపోయినప్పుడు అతడు మాత్రం ఎందుకు ఉండిపోయాడంటే, గంపలు ఎవరికి అప్పజెప్పాలో ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ల కిందట ఉలూకగిరి మాంత్రికుడు ఘూకముఖుడు అమోఘుడి చెల్లెలు, పింగళనాటి రాకుమారి హేమలేఖను ఎత్తుకుపోయాడు. ఆమెను విడిపించడానికి వెళ్లిన సైన్యంలో సగమే తిరిగివచ్చింది. అప్పుడు మాంత్రికుడు ఒక పందెం కబురు పెట్టాడు: "మీ నారింజలకు చాలా పేరుందట. ఏటా మాఘ పౌర్ణమికి నూట ఎనిమిది పండ్లు నా కోటకు పంపండి. ప్రతి పండు మీదా మీ వంశపు హంసముద్ర ఉండాలి. మూడు రోజులు నా నేలమాళిగలో ఉంచుతాను. ఒక్కదానికీ బూజు పట్టకపోతే రాకుమారిని రాతి చెర నుంచి వదులుతాను. పట్టిందంటే ఆమె కొంచెం కొంచెంగా రాయవుతుంది." మొదటి ఏడు బూజు పట్టింది, హేమలేఖ మోకాళ్ల దాకా రాయి అయింది. రెండో ఏడు రొమ్ము దాకా అయింది. ఇది మూడో ఏడు. ఈసారి తలే మిగిలి ఉంది.

పద్నాలుగోనాటి ఉదయం వారు నీలధార లోయలోకి దిగారు. లోయకు రెండు పక్కలా నల్లరాతి కొండలు నిలువుగా లేచి ఉన్నాయి. వాటి నుదుటి మీద మంచు కరిగి సన్నని ధారలుగా జారుతూ, ఎండ పడిన చోటల్లా ఏడు రంగులూ చిమ్ముతోంది. రాళ్ల సందుల్లో తెల్లని అడవిమల్లెలు విరగబూశాయి. గట్టు మీద నెమళ్లు పురి విప్పి, తమను చూసేవాళ్లెవరూ లేకపోయినా తీరికగా ఆడుతున్నాయి. అమోఘుడు ఆగి ఆ అందమంతా చూస్తూ నిలబడ్డాడు. కోనప్ప మాత్రం గంప మూత తీసి ముక్కు మూసుకున్నాడు.

"యువరాజా, ఇట్లా రండి."

ఒక్కో గంపలో తొమ్మిదేసి పండ్లు మెత్తబడిపోయాయి. నీరు పట్టిన మచ్చ, దాని మీద తెల్లటి నూగు, నూగు నడుమ పచ్చటి పొడి. నూట యాభై పండ్లతో బయలుదేరితే ముప్పైఆరు పోయాయి. అమోఘుడి ముఖం పాలిపోయింది.

"మాంత్రికుడి పనే. దారిలోనే విషగాలి ఊదాడు. వాడి తల నరికితే గాని..."

కోనప్ప వినడం లేదు. పాడైన పండ్లన్నీ తెచ్చి ఒక చదునుబండ మీద వరసగా పేర్చాడు. ఒక్కోదాన్నీ తిప్పి చూస్తున్నాడు.

"కుళ్లు యాడ మొదలైందో చూడండి దొరా."

"హంస దగ్గర."

"దీనికి?"

"దీనికీ హంస దగ్గరే."

ముప్పైఆరింటికీ అక్కడే. పింగళనాటి రాజముద్ర మిగతా రాజ్యాల ముద్రల వంటిది కాదు. అది బంగారు పిడి, దాని చివర ఐదు బంగారు సూదులు. ముక్కుకు ఒకటి, కంటికి ఒకటి, మెడకు, రెక్కకు, పాదానికి ఒక్కొక్కటి. పండు తొక్క మీద అద్దితే ఐదు సన్నని బెజ్జాలు పడి హంస రూపు తేలుతుంది. మేళతాళాలతో, పురోహితుల ఆశీర్వాదాలతో, మూడు తరాలుగా కానుక పండ్లన్నిటికీ ఆ ముద్ర వేస్తున్నారు. అది లేని పండును పింగళనాటి పండని ఎవరూ ఒప్పుకోరు.

"నా కొట్టులో గోరు తగిలిన నిమ్మకాయను నేను జాడీలో వెయ్యను" అన్నాడు కోనప్ప. "మా అమ్మ ఏసినా తిడతాను. బూజుకు తలుపు తీస్తే చాలు, అది ఇల్లే కట్టేసుకుంటాది. మనం ఒక్కో పండుకూ ఐదు తలుపులు తీసి, సన్నాయి ఊది మరీ పంపించినాము."

అమోఘుడి చెయ్యి కత్తి పిడి మీద పడింది. "మా వంశముద్రకు తప్పు పడతావా?"

"తప్పు పడతాండేది నేను కాదు దొరా, బూజు."

యువరాజు కాసేపు ఆ పండ్లకేసే చూశాడు. కత్తి మీద చెయ్యి మెల్లగా జారిపోయింది. ప్రతి పండు మీదా హంసముద్ర ఉండి తీరాలని ఘూకముఖుడు ఎందుకంత పట్టుబట్టాడో అతడికి ఇప్పుడు తెలిసింది. రెండేళ్లుగా చెల్లెలిని రాయి చేస్తున్నది తమ ఇంటి గొప్పే. ఆ సంగతి తలచుకుని అతడు నిజంగా సిగ్గుపడ్డాడు, బాధపడ్డాడు. అయితే బాధపడుతూ కూర్చోవడానికి వ్యవధి లేదు. మిగిలిన నూట పద్నాలుగు పండ్లకూ ఐదేసి బెజ్జాలున్నాయి. పౌర్ణమి ఇంకా ఏడు రోజులు.

అప్పుడే గాలి వాలు మారి ఒక ఘాటు వాసన వచ్చింది. కోనప్ప తల పైకెత్తాడు. "వాము!" అన్నాడు, ఇంటి మనిషి గొంతు విన్నట్టు.

వాసన పట్టుకుని కొండ ఎక్కితే అక్కడొక గుడిసె ఉంది. ముందు పొయ్యి, పొయ్యి మీద పెద్ద కుండ, కుండ మీద బోర్లించిన మరో కుండ. పక్కన ఒక ముసలిది కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది. ఆమె పేరు ఈరమ్మ. చుట్టుపట్ల ఏడు కొండలకూ కడుపునొప్పి మందు ఆమే. గుడిసె చూరు కింద ఉట్లలో కిందటేటి దబ్బకాయలు వేలాడుతున్నాయి. తొక్క ముడతలు పడింది గాని ఒక్కదానికీ బూజు లేదు. కోనప్ప చూపు వాటి మీదనే నిలిచిపోయింది.

"ఎవురు నాయనా మీరు? యాడికి పోతాండారు?" అంది ముసలిది.

"ఉలూకగిరికి అవ్వా."

"చావడానికి అంత దూరం పోవాల్నా? ఆ మొనగాడు కత్తి దించి రెండు కడవల నీళ్లు తెస్తే మాట్లాడతాను."

పింగళనాటి యువరాజు రెండు కడవలు మోసుకొచ్చాడు. ముసలిది పైకుండ మీద చన్నీళ్లు పోసింది. లోపల ఉడుకుతున్న వాము ఆవిరి ఆ చల్లదనానికి బొట్లు కట్టి, గొట్టం గుండా చిన్న ముంతలోకి దిగింది. నీళ్ల మీద పసుపుపచ్చని నూనె తేలింది. అంతకు ముందురోజు దించిన నూనె గల ముంత ఊటనీటిలో ఉంది. దాని అడుగున తెల్లని పలుకులు పేరుకున్నాయి. వాటిని వాము పువ్వు అంటారట.

"ఈ దబ్బకాయలకు బూజు పట్టనిది దీనివల్లనేనా అవ్వా?"

"నేనుండే కాడికి బూజు రాదు. వాసనకే సచ్చిపోతాది."

కోనప్పకు మరి ఆగబుద్ధి కాలేదు. ముసలిది లోపలికి వెళ్లడం చూసి ఆరు పండ్లు తీసి నూనెలో ముంచి ఆరబెట్టాడు. పన్నెండేళ్లుగా ఊరగాయలు పెడుతున్నవాడికి తనకు తెలియనిది ఉంటుందని తోచకపోవడం సహజమే. సాయంత్రానికి ఆ ఆరింటి తొక్కా కమిలి నల్లబడింది. వేలితో నొక్కితే రసం కారింది. ముసలిది వచ్చి చూసి నడుం పట్టుకుని నవ్వింది.

"నీ నోట్లో దోసెడు వాము కుక్కితే నువ్వు బతుకుతావా అబ్బోడా? మందు ఎక్కువైతే అదే విషం. వాసన తగలాల, నూనె తగలకూడదు."

ఆమె నాలుగు గుడ్డ పీలికలు తీసి నువ్వులనూనెలో తడిపి, వాటికి వాము నూనె నాలుగేసి చుక్కలు అద్దింది. ఒక్కో పీలికనూ గంప మూత లోపలివైపు, పండ్లకు తగలకుండా బెత్తెడు ఎత్తున కట్టింది. పాత గడ్డి తీసి కాల్చేసి ఎండుగడ్డి పరిచారు. తెల్లవారాక మూత తీసి చూస్తే పండ్లు గట్టిగా, నిన్నటిలాగే ఉన్నాయి. లెక్కపెడితే సరిగ్గా నూట ఎనిమిది. కోనప్ప చెంపలు వేసుకున్నాడు. ముసలిది ఒక సీసాడు నూనె, చిటికెడు వాము పువ్వు ఇచ్చి, "మళ్లీ ఈ దారిన వస్తే నీళ్లు మోద్దువు గాని" అని యువరాజుతో చెప్పి పంపింది.

పదిహేడోనాడు మిట్టమధ్యాహ్నం తీగలవంతెన దగ్గర మంచు దిగింది. ఎండవేళ మంచేమిటని అనుకునేలోగానే అందులోంచి ఒక ఆకారం లేచింది. మూలన పడి మాగిన దుప్పటి లేచి నడిచినట్టుంది. ముఖం లేదు, ఒళ్లంతా పచ్చటి దుమ్ము. ఘూకముఖుడి బూజుభూతం అదే. అమోఘుడు కేక పెట్టి దూకి నిలువునా రెండుగా నరికాడు. అది రెండు భూతాలయింది. రెంటినీ నరికాడు. నాలుగయ్యాయి. ఎనిమిదయ్యేసరికి యువరాజుకు లెక్క అర్థమై కత్తి దించాడు.

భూతాలు గంపల మీదికి వెళ్లబోయి, ఆ వాసనకు వెనక్కి తగ్గాయి. అప్పుడు అమోఘుడి మీదికి మళ్లాయి. అతడి ముఖాన, ఛాతీన పడిన దుమ్ము ఊరకే రాలిపోయింది. ఎడమ మోచేతి మీద మాత్రం పొద్దున ముళ్లకంప గీరిన గీత ఒకటుంది. దుమ్ము ఆ గీతలోకి దూరింది. చూస్తుండగానే చెయ్యి భుజం దాకా పచ్చబడింది.

"గీరుకుపోయిన చోటే దూరింది, చూసినారా!" అని అరిచాడు కోనప్ప. అంత ఆపదలోనూ తన మాట నిజమైనందుకు అతడి గొంతులో కాస్త సంతోషం లేకపోలేదు. సీసాలో సగం నూనె ఆ గాయం మీద గుమ్మరించాడు. యువరాజు పెట్టిన కేకకు లోయంతా మారుమోగింది. మిగతా సగం ఎండు చితుకుల మీద పోసి చెకుముకి కొట్టాడు. గుప్పున లేచిన వాము పొగకు ఎనిమిది భూతాలూ ముడుచుకుని, రాలిన దుమ్మయి, గాలికి లేచిపోయాయి. చెయ్యి పచ్చదనం దిగింది.

అయితే పొగకు బెదిరిన గాడిద ఒకటి వంతెన మీద పరుగెత్తింది. గంప ఒరిగింది. ఒక్క పండు ఎగిరి, తీగల మధ్య నుంచి జారి, కింద పారే నీలధారలో పడింది. నూట ఏడు.

ఇరవయ్యోనాడు ఉలూకగిరి కనబడింది. బూడిదరంగు కోట, వెయ్యి కిటికీలు, ప్రతి కిటికీలోనూ ఒక గుడ్లగూబ. అగడ్త గట్టున ఒక అడవి నారింజచెట్టు, దాని కొమ్మకు ఒకే ఒక పండు. పక్షులు కూడా ముట్టనంత పుల్లనిది కాబోలు. పండు ఏ నేలదో పందెంలో లేదు. ముద్ర ఉంటే చాలు.

అమోఘుడు పండు కోసి, అంగీలోంచి బంగారు ముద్ర తీసి, అద్దబోయి ఆగాడు. "పాత పండ్ల గాయాలు ఈపాటికి ఆరిపోయాయి. దీనికి మాత్రం ఇప్పుడు కొత్త గాయం. మూడు రోజులు ఆ చెమ్మలో..."

"గుడ్డల్లో వాసన అడుగంటిపోయింది" అన్నాడు కోనప్ప. "ఉండేది పాతవాటికే చాలీచాలకుండా ఉండాది. సీసా ఖాళీ."

అప్పుడు కోనప్ప నడుముకు కట్టుకున్న గుడ్డ ముడి విప్పాడు. ఈరమ్మ ఇచ్చిన చిటికెడు వాము పువ్వు అందులో ఉంది. యువరాజు ముద్ర అద్దాడు. ఐదు బెజ్జాల్లోనూ ఐదు పలుకులు, ఆవగింజలో సగమంతవి, కోనప్ప గోటి చివరతో కూరాడు.

"తొక్క కమిలితే?"

"కమిలితే కమలనీ. పందెం బూజు మీద గదా, రంగు మీద కాదు."

నేలమాళిగలో చెమ్మ గోడల నుంచి కారుతోంది. నడుమ హేమలేఖ నిలబడి ఉంది. రొమ్ము దాకా నల్లరాయి, పైన పాలిపోయిన ముఖం. అన్నను చూసి ఆమె నవ్వబోయింది గాని కన్నీళ్లే వచ్చాయి. అమోఘుడు ఆమె తల మీద చెయ్యి వేశాడు. మనిషి ఒడ్డూపొడుగూ, గుడ్లగూబ ముఖమూ గల ఘూకముఖుడు తలను వెనకవైపు దాకా తిప్పి వారిని చూసి, "మూడోనాడు మూతలు నేనే తీస్తాను. అంతవరకూ ఎవరూ ముట్టకూడదు" అన్నాడు.

మూడోనాడు పొద్దెక్కాక మూతలు తీశాడు. ఒక్కో పండూ తీసి, పైకప్పు దగ్గరి కిటికీ వెలుగులో తిప్పి చూసి, నేల మీద పెట్టసాగాడు. ఇరవై. యాభై. తొంభై. ఒక్కదానికీ మచ్చ లేదు. వంద దాటాక అతడి గుండ్రటి కళ్లు ఇంకా గుండ్రమయ్యాయి. నూట ఏడు పెట్టాక గంప అడుగున ఒకటే మిగిలింది. దాన్ని ఎత్తి చూసి పెద్దగా నవ్వాడు.

"హంస కంట్లో చూడు యువరాజా! తెల్లగా నూగు మొలిచింది. బూజు!"

మాంత్రికుడు మంత్రదండం ఎత్తి హేమలేఖ వైపు చాచాడు. ఆమె కళ్లు మూసుకుంది. ఒక్క క్షణం గడిచింది, రెండో క్షణమూ గడిచింది. రాయి కదల్లేదు. ఘూకముఖుడు దండాన్ని విదిలించి మళ్లీ చాచాడు. ఆ రాయి అతడి మాట వినేది కాదు, పందెం మాట వినేది. ఆ సంగతి అతడే మరిచిపోయినట్టున్నాడు.

కోనప్ప ముందుకు వచ్చి, ఆ పండు అతడి చేతిలోంచి మర్యాదగానే తీసుకున్నాడు. హంస కంటి మీది తెలుపును చిటికెనవేలితో అద్ది నాలుక మీద వేసుకున్నాడు. ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వాము పువ్వు దొరా. కడుపుబ్బరానికి మంచిది. మీకూ కొంచెం కావాల్నా?"

ఫెళ్లున చప్పుడైంది. హేమలేఖ రొమ్ము మీది నుంచి రాయి పెచ్చులు పెచ్చులుగా రాలింది. నడుము బయటపడింది, మోకాళ్లు బయటపడ్డాయి, పాదాలు బయటపడ్డాయి. రెండేళ్లు నిలబడ్డ ఆ కాళ్లు ఆమె బరువు ఆపలేక మడతపడ్డాయి. అమోఘుడు పట్టుకున్నాడు.

"రాతి చెర నుంచి వదులుతానన్నాను, వదిలాను" అన్నాడు ఘూకముఖుడు. "కోట దాటనిస్తానని ఎక్కడైనా అన్నానా?" అని దండం నేలకేసి కొట్టి, గుడ్లగూబయి కిటికీలోంచి ఎగిరిపోయాడు. తలుపులు దబదబా మూసుకున్నాయి. నాలుగు గోడల చెమ్మలోంచీ పచ్చటి దుమ్ము లేవసాగింది. ఈసారి వచ్చినవి ఎనిమిది కాదు, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. సీసా ఖాళీ, ముడి ఖాళీ. అమోఘుడి చేతి గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

"అన్నయ్యా, ఆ మూడో స్తంభం వెనక మెట్లున్నాయి" అంది హేమలేఖ. రెండేళ్ల తర్వాత అన్నతో ఆమె ఆడిన మొదటి మాట అది. "వాడు రోజూ అట్నుంచే వచ్చేవాడు. నాకు చూస్తూ నిలబడడం తప్ప వేరే పనేముంది?"

కోనప్ప గంపలోని గడ్డి దులిపి, "ఎక్కు తల్లీ, నారింజల కన్నా నువ్వే తేలిక" అని ఆమెను గంపలో కూర్చోబెట్టి వీపుకెత్తుకున్నాడు. మూడో స్తంభం వెనక రాతితలుపు నిజంగానే ఉంది. తోస్తే తెరుచుకుంది. ముగ్గురూ లోపలికి దూరారు. కాని తలుపుకు లోపల గడియ లేదు. గడియ కొక్కెం మాత్రం ఉంది. దుమ్ము అప్పుడే గడప దాకా వచ్చింది.

"కొక్కెంలో దూర్చడానికి ఏదైనా ఉందా దొరా? ఇనుపదైనా సరే, ఏదైనా సరే!"

కత్తి వెడల్పాటిది, దూరదు. అమోఘుడు అంగీలో చెయ్యి పెట్టాడు. బయటికి తీసింది బంగారు ముద్ర. మూడు తరాల రాజులు పట్టుకుని అరగదీసిన పిడి అది. తండ్రి తన చేతికిస్తూ, ప్రాణం పోయినా దీన్ని వదలవద్దని చెప్పిన మాట అతడికి గుర్తొచ్చింది. చెల్లెలు గంపలోంచి అతణ్నే చూస్తోంది.

అతడు ముద్రను కొక్కెంలో దూర్చి కత్తి పిడితో ఒక్క దెబ్బ వేశాడు. ఐదు బంగారు సూదులూ పుటుక్కుమని విరిగి మెట్ల మీద చెల్లాచెదురయ్యాయి. పిడి బిగుసుకుంది. తలుపు అవతల దుమ్ము వెయ్యి గోళ్లతో గీకుతున్న చప్పుడు వినబడింది.

"పద" అన్నాడు అమోఘుడు. కింద చీకట్లో ఎక్కడో నీళ్లు పారుతున్న సద్దు ఉంది. నీళ్లు పారే చోట బయటికి దారీ ఉంటుంది. ముగ్గురూ మెట్లు దిగసాగారు.